రాక చెట్టు

నమోదు 5121. సెప్టెంబరు 4.

గాలి: పడమటి నుంచి, ఇసుకతో. నీళ్ళు: కుండలన్నీ నింపాను. పట్టీలు: మూణ్ణెల్ల గడువు ప్రకారం రెండు వందల పన్నెండు చెట్లకూ ఒక్కో మెట్టు వదులు చేశాను.

జిల్లా ఆఫీసువారు ఈ మూడు ముక్కలే రాయమంటారు. మిగతాదంతా నా సంతోషానికి రాసుకుంటాను. ఈ తోపుకి కాపరిగా వచ్చి పద్నాలుగేళ్ళు దాటింది, ఇంతవరకూ దీన్ని చదివినవాళ్ళు లేరు. ఒక ఎండాకాలం వారం రోజుల పాటు బొరుగులతో ఉగ్గాణి ఎలా చేయాలో రాశాను. ఎవరూ కిక్కురుమనలేదు.

వేదవతి ఏటి ఇసుక ఎప్పటికప్పుడు తోపులోకి వచ్చి పడుతుంది. పొద్దున్నే మొదళ్ళ దగ్గర పాతిన కుండల మూతులు వెతికి, ఇసుక తోడి, నీళ్ళు పోయాలి. ఈ ఏడు ఆ బాధ కూడా తక్కువే. నాలుగేళ్ళ కరువు తర్వాత జూన్ నుంచి వానలు పట్టుకున్నాయి. కానుగలూ వేపలూ ఎన్నడూ లేనంతగా ఒళ్ళు చేశాయి.

అలాంటి ఏట 88వ చెట్టు పట్టీ మీద దీపం ఆకుపచ్చ నుంచి పసుపుకి తిరిగింది. అది సుంకన్న కూతురు పంపావతి తిరిగి రావడానికి పెంచిన రాక చెట్టు. ఆ పిల్ల గుజరాత్ సముద్రంలో గాలిమరలు బాగుచేసే పనికి వెళ్ళింది, డిసెంబరులో రావాలి. కబురు నేను చెప్పకముందే సుంకన్న తోపులో ఉన్నాడు.

"హంపక్కా, దీపం సూస్తివా? పసుపు తిరిగిండాది. మా పాపకు ఏమన్నా అయ్యిందంటావా?"

"ఫోన్ చేసి అడుగన్నా."

"పొద్దున్నుంచి మూడుసార్లు చేస్తి. బాగుండాననే అంటాది. బాగలేనోళ్ళు గూడా అట్లే కదా అనేది!"

చెట్టు కాండం చుట్టూ వేసే ఆ బూడిద రంగు పట్టీ పసరు పారుతోందో లేదో మాత్రమే చూస్తుంది. పారితే ఆకుపచ్చ, తగ్గితే పసుపు, ఆగితే ఎరుపు. పట్టీ తెగినా ఎరుపే. ఎరుపు పడిందంటే మనిషి రాక పాసు రద్దు. రైలు దిక్కు, విమానం దిక్కు చూడనివ్వరు. వెళ్ళినచోటే కొత్త మొక్క నాటి, అది పిక్కంత లావయ్యేదాకా అక్కడే ఉండాలి.

పోయిన నవంబరులో మా ఆయన ఎర్రిస్వామి వెళ్ళేముందు రెండు చెట్లూ దగ్గరుండి పెంచాను. వెళ్ళడానికి పెంచే పోక చెట్టు లెక్క ఆయన రైలెక్కిన రోజునే తీరి, అది ఊరి ఉమ్మడికి పోయింది. రాక చెట్టు 131, పడమటి మూలన ఉన్న కానుగ. నవంబరు 20 దాకా అది బతికుంటే ఆయన ఇంటికొస్తాడు. ఈ రోజు ఆ చెట్టు దగ్గరికి ఏడుసార్లు వెళ్ళొచ్చాను. దీపం ఆకుపచ్చగానే ఉంది.

నమోదు 5124. సెప్టెంబరు 7.

గాలి: లేదు. నీళ్ళు: అవసరం పడలేదు. పట్టీలు: గడువు కాదు.

ఆరు చెట్లు పసుపు తిరిగాయి. ఒకదానికీ ఇంకోదానికీ పొత్తు లేదు. ఒకటి వేప, రెండు నేరేళ్ళు, మిగతావి కానుగలు. ఆకు కింద పురుగు లేదు, మొదట్లో చెదలు లేవు. నీళ్ళెక్కువయ్యాయేమోనని నాలుగు కుండలు పెకలించి చూశాను. మట్టి బాగానే ఉంది.

ఇంట్లో కూడా స్థిమితం లేదు. ప్రయాణమైనా పొయ్యైనా దాని పొగకి బదులు చెట్టు చూపాలి కదా, నా పొయ్యి చెట్లు రెండూ పెరట్లో ఉన్నాయి. వాటి పుణ్యాన రోజుకి గంటసేపు పొయ్యి వెలుగుతుంది. ఈ రోజు సంగటి కెలుకుతూ మధ్యలో లేచి 131 దగ్గరికి పరుగెత్తాను. వచ్చేసరికి గంట అయిపోయి పొయ్యి ఆరిపోయింది. ఉడికీ ఉడకని సంగటి మజ్జిగలో పిసుక్కుని తిన్నాను.

ఎర్రిస్వామి లద్దాఖులో ఉన్నాడు. అక్కడివాళ్ళకి మా కురుబ కంబళి నేత నేర్పుతున్నాడు. గోడల లోపల కంబళి పరిస్తే చలికాలం పొయ్యి సగం సేపు చాలుతుందట. పొయ్యి తగ్గితే ఇంటికి చెట్లు తక్కువ చాలుతాయి. ఆ చలికొండల మీద మొక్క పెంచడం అంటే మాటలు కాదు మరి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. రెండో చలికాలం అక్కడ పడితే ఆయన గతేమిటి?

తోపులో జనం పెరిగారు. పసుపు తిరిగిన చెట్లకి టెంకాయలు కొడుతున్నారు. కాలుకాలిన పిల్లిలా నేను వరుసల మధ్య తిరుగుతున్నాను.

నమోదు 5133. సెప్టెంబరు 16.

గాలి: పడమర. నీళ్ళు: పోశాను. పట్టీలు: గడువు కాదు.

పదిహేడు పసుపు, మూడు ఎరుపు. ఎరుపు పడిన ముగ్గురిలో ఒకాయన భువనేశ్వర్ స్టేషన్లో రైలు మెట్ల మీద ఉండగా పాసు రద్దయింది. దించేశారట.

జిల్లా నుంచి తనిఖీకి షాహీనా మేడం వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. సైకిలు మీదే వచ్చింది, రెండు రోజులు పట్టిందట. తెల్లవార్లూ తొక్కి, నిద్రలేని కళ్ళతోనే చెట్లన్నీ చూసి, ఆకులు సీసాల్లో వేసుకుని, చివరికి నా దినచర్య పుస్తకం తెరిచింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మెడలో తాడు మీదికి పోయింది.

"హంపమ్మగారూ, మీరు చాలా పద్ధతిగా రాశారు. ఉగ్గాణి కూడా బాగుంది," అంది నవ్వుతూ. "పట్టీ బిగుసుకుంటే ఇలాగే ఎండుతాయి. కానీ మీరు ప్రతి మూణ్ణెల్లకీ వదులు చేశారు కదా. మీ రాత చూశాక ఆ అనుమానం కొట్టేశాను. ఇది కొత్త తెగులు అయ్యుండాలి."

"తెగులైతే ఏం చేస్తారు మేడం?"

"పసుపు, ఎరుపు తిరిగినవీ, వాటి చుట్టూ పది అడుగుల్లో ఉన్నవీ కొట్టి కాల్చాలి. లేకపోతే జిల్లా అంతా పాకుతుంది. తొంభై నాలుగు లెక్క తేలింది. ఇరవై ఆరో తేదీ మనుషులు వస్తారు."

తొంభై నాలుగు. ఆ జాబితా నేను వేలు పెట్టి చదివాను. పంపావతి ఉంది. 131 లేదు. పడమటి మూల కదా, దూరంగా ఉంది.

మేడంకి మజ్జిగ ఇచ్చాను.

నమోదు 5134. సెప్టెంబరు 17.

గాలి, నీళ్ళు చూడలేదు. పట్టీల గురించి రాయాలి.

నాలుగేళ్ళుగా ఈ తోపులో నేను ఒక్క పట్టీ కూడా వదులు చేయలేదు. 'వదులు చేశాను' అని రాసిన పదిహేడు సార్లూ అబద్ధమే. మొన్న నాలుగో తేదీన రాసింది కూడా.

పట్టీ వేసే రోజున మా ఊళ్ళో దానికి పసుపు పూస్తారు. ఆఫీసువారికి అది యంత్రం, మాకు కంకణం. పనికి కట్టుకున్న కంకణం ఆ పని ముగిసేదాకా విప్పకూడదు. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి తమ చేత్తో తీసుకోవాలి. నేను ఇవన్నీ నమ్మేదాన్ని కాదు. కడ్డీ తీసుకుని గడువు గడువుకీ పోయి, తాళం తిప్పి ఒక్కో మెట్టు వదిలేదాన్ని. ఇంటివాళ్ళు మూతి ముడుచుకునేవారు, ఊరుకునేవారు.

నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున మారెప్ప చెట్టు పట్టీ వదిలాను. అదే మధ్యాహ్నం మారెప్ప నాగపూర్ దగ్గర రైల్లో గుండె ఆగి పోయాడు. కాకి వాలడానికీ తాటిపండు రాలడానికీ సంబంధం లేదని అందరికీ చెప్పవచ్చు, గంగక్కకి చెప్పలేం. ఆమె మారెప్ప పెళ్ళాం. మా ఇంటి ముందు మట్టిలో కూర్చుని, "నువ్వు కంకణం ఇప్పితివి, నా మొగుడు పాయె," అని సాయంత్రం దాకా అంది. తిట్టలేదు. ఆ ఒక్క మాటే అంది.

ఆ తర్వాత గడువు వచ్చినప్పుడు ఎవరో ఒకరు వచ్చి బతిమాలేవారు. "మాది ముట్టుకోవద్దు హంపక్కా, బిడ్డ దూరంలో ఉండాడు." సరేనన్నాను. తర్వాత బతిమాలకపోయినా సరేననుకున్నాను. కరువేళ్ళలో చెట్లు ఒళ్ళు చేయలేదు కాబట్టి అబద్ధం చెల్లిపోయింది. ఈ ఏడు వాన పడింది. చెట్లు ఉబ్బాయి. పట్టీ ఉన్నచోట ఉంది.

వానకి సంతోషించిన దాన్ని నేనే. నా మొహం మండా!

ఈ పొద్దున 131 పట్టీ మీద కట్టిన ఉన్ని విప్పి చూశాను. ఎవరి పట్టీకీ చేయనిది దీనికి చేశాను. ఎండకి, వానకి చెడిపోకూడదని పసుపూ నూనే పట్టించి, ఆయన మగ్గం మీది ఉన్ని దారం చుట్టాను. ఆ మెత్తదనంలోకి బెరడు పెరిగి తాళాన్ని మింగేసింది. పైన కాండం చేతి మణికట్టు వాచినట్టు వాచి ఉంది. కడ్డీ పెట్టే సందు లేదు. దీన్ని విడిపించాలంటే కోయడమే.

కోయకపోతే? దీపం ఇంకా ఆకుపచ్చే. కానుగ మొండిది. నవంబరు 20 దాకా లాగుతుందనే నా అంచనా. రెండు నెలలు నోరు మూసుకుంటే ఆయన వచ్చేస్తాడు. తొంభై నాలుగు మంది మాత్రం రారు.

నమోదు 5137. సెప్టెంబరు 20.

చెప్పేశాను. మేడంకి ముందు చెప్పాను. ఆమె కేకలేస్తుందనుకున్నాను. పుస్తకం మూసి, "పదిహేడు సార్లా?" అని మాత్రం అడిగింది. తర్వాత ఊరిని పిలిపించమంది.

రెండు వందల మంది వచ్చారు. చెట్లకి తెగులు లేదనీ, తప్పు నాదనీ, పట్టీలు వదిలితే ఎరుపు పడినవి తప్ప అన్నీ బతుకుతాయనీ చెప్పాను. బతుకుతాయన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. వదలాలి అన్నదే ఎక్కింది.

"మనుషులు యాడో కొండల్లో, సముద్రాల్లో ఉండారు. ఇప్పుడు కంకణాలు ఇప్పాల్నా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఇప్పి చూపిస్తేనే తెగులు కాదని ఆఫీసువాళ్ళు నమ్మేది. ఇప్పకపోతే ఇరవై ఆరున కాలుస్తారు," అన్నాను.

సుంకన్న ముందుకొచ్చాడు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. "అక్కా, నాలుగేండ్లు మాకు అబద్ధం చెప్తివి. ఇప్పుడు చెప్పేది నిజమని యెట్ల నమ్మేది? ముందు నీ మొగుని చెట్టు మీద చెయ్యెయ్యి. అప్పుడు మా పాప చెట్టు నేనే ఇప్పుతా."

అడగాల్సిన మాటే అడిగాడు. మేడం నా పక్కకి వచ్చి మెల్లిగా, "మీది కోయాలి కదా. కోస్తే వెంటనే ఎరుపు. నేను ఎంత రాసినా పైన యంత్రం వినదు. పట్టీలు కోసి వేరే చెట్లకి కట్టి మోసం చేసినవాళ్ళుండబట్టే ఆ రూలు పెట్టారు. వేరే ఎవరిదైనా ముందు వదిలి చూపిద్దాం," అంది.

"వేరే ఎవరు ఇస్తారు మేడం?"

నేను ఇంటికి పోయి గొర్రె బొచ్చు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చాను. జనం దారి ఇచ్చారు. 131 దగ్గరికి ఎన్నిసార్లు నడిచానో నా కాళ్ళకి తెలుసు. కత్తెర మొన బెరడు కిందికి దూర్చి నొక్కాను. మొదటిసారి తెగలేదు. రెండోసారి బలమంతా పెట్టాను. దీపం ఒక్కసారి మెరిసి ఎర్రబడింది.

గంగక్క కూడా వచ్చి నిలబడి ఉంది. నేను ఫోన్ తీసి అందరికీ వినబడేలా పెట్టాను. నాలుగు రింగులు. ఇన్నేళ్ళూ నమ్మను నమ్మను అన్నదాన్ని, ఆ నాలుగు రింగులసేపూ గంగక్క మొహమే చూస్తూ ఉన్నాను.

"ఏంమే, పని టయానికి ఫోన్ చేస్తివి? ఈడ పదిమంది మగ్గం ముందర కూసోనుండారు."

"బాగుండావా?"

"నాకేం రోగం? పొద్దున బార్లీ గంజి తాగితి. ఉప్పేసిన టీ ఇచ్చిరి. అది టీ గాదు, తాలింపు లేని రసం."

జనంలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు పాకింది. సుంకన్న కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"యాడుండావు నువ్వు? అంతమంది యెవురు?" అన్నాడు ఎర్రిస్వామి.

"తోపులో ఉండా. నీ రాక చెట్టు పట్టీ కోసేసినా."

ఫోన్లో మగ్గం చప్పుడు ఆగింది. అంతా చెప్పాను. దాచుకోడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి పదిహేడు అబద్ధాలూ చెప్పాను. తొంభై నాలుగు చెట్ల సంగతి చెప్పాను. అప్పుడు అడిగాడు.

"కోసేముందు నన్నొక మాట అడగాలనిపియ్యలేదా నీకు?"

"అడిగితే వద్దంటావని భయమాయె."

ఫోన్ పెట్టేశాడు.

సుంకన్న నా దగ్గరున్న కడ్డీ తీసుకుని 88 దగ్గరికి పోయాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు. సాయంత్రానికి నూట తొంభై ఒక్క పట్టీలు వదిలాం. నేను అందరి పట్టీలూ చూశాను, ఎవరి మొహమూ చూడలేదు.

నమోదు 5149. అక్టోబరు 2.

గాలి: తూర్పుకి తిరిగింది. నీళ్ళు: పోశాను. పట్టీలు: మేడం రాయడంతో ఇరవై ఆరున కొట్టేవాళ్ళు రాలేదు. 88తో సహా పద్నాలుగు చెట్లు పసుపు నుంచి ఆకుపచ్చకి వచ్చాయి. బెరడు మింగేసిన తాళాలు నాది కాక పదిహేడున్నాయి. వాటిని కోయాలో ఉంచాలో ఇంటివాళ్ళే తేల్చుకుంటున్నారు, నేను సలహా ఇవ్వడం మానేశాను.

ఆఫీసు ఉత్తరం వచ్చింది. నెలాఖరుకి కాపరి పని నుంచి తీసేశారు. దొంగ రాతకి అది తక్కువ శిక్షే. కింద మేడం తన చేత్తో, ఇంత నిజంగా రాసిన దినచర్య నేనింకోటి చూడలేదు అని రాసింది. పొగడ్తో తిట్టో తెలియలేదు. మడిచి పెట్టుకున్నాను.

ఎర్రిస్వామి పన్నెండు రోజులుగా ఫోన్ ఎత్తడం లేదు. రోజుకి నాలుగుసార్లు చేస్తున్నాను. ఆయన గది పక్కన ఉండే అమ్మాయి ఎత్తి, పనిలో ఉన్నాడని హిందీలో చెబుతుంది. పన్నెండు రోజులూ పనేనా? చెట్టు చూడబోతే కోసిన గాయం అంచున లేత బెరడు పుడుతోంది. ఎర్రదీపం కిందే చిగుళ్ళు వేస్తోంది. బతికిన చెట్టుని చచ్చినట్టు రాసుకున్నారు పైన. దాన్ని చూస్తే ఒక పూట సంతోషం, ఒక పూట పట్టుకుని ఊపేయాలన్నంత కోపం.

ఊళ్ళో అందరూ నాతో మంచిగానే మాట్లాడుతున్నారు. అది ఇంకా కష్టంగా ఉంది.

నమోదు 5177. అక్టోబరు 30.

గాలి: చల్లగా. నీళ్ళు: పోశాను. పట్టీలు: ఎల్లుండి వచ్చే కొత్త కాపరికి కడ్డీ అప్పగించాలి. గడువు డిసెంబరు 4. ఎవరు కాళ్ళు పట్టుకున్నా వదలక తప్పదని చెబుతాను.

నిన్న ఎర్రిస్వామి ఫోన్ చేశాడు. పలకరింపు లేదు, కోపం ఇంకా గొంతులోనే ఉంది.

"మొక్క నాటినా," అన్నాడు.

"ఏం మొక్క?"

"ఈడిది. పాప్లార్ అంటారు. నిట్టనిలువుగా పోతాదంట. అయిదేండ్లకు పిక్కంత లావైతాదని చెప్తాండారు. నువ్వు నీళ్ళు పోస్తే ఎండిన కట్టె గూడా చిగురిస్తాది, నా చేతికి యేమైతాదో." మళ్ళీ, "మోకాళ్ళకు కంబళి చుట్టుకుంటాండా," అన్నాడు.

"నేనూ ఒకటి నాటినా," అన్నాను.

"నీకెందుకు?"

సిగ్గనిపించింది, యాభై ఒక్క ఏళ్ళొచ్చాక. పద్నాలుగేళ్ళు ఊరందరి ప్రయాణాలకీ నీళ్ళు మోశాను. నా పేరున ఒక్క మొక్క నాటుకోలేదని నెల కిందట కడ్డీ తుడుస్తుంటే తట్టింది. రాయదుర్గం దాటి నేనెక్కడికీ పోలేదు. తూర్పు కంచె పక్కన కానుగ విత్తు పెట్టాను. వానలు ఇలాగే ఉంటే నాలుగేళ్ళు, లేకపోతే అయిదు.

"పోక చెట్టు," అన్నాను. "లద్దాఖుకు."

"మరి రాక చెట్టు?"

"నాటలేదు."

అటునుంచి ముక్కు చీదిన చప్పుడొచ్చింది. చలి అన్నాడు.

"అట్లయితే ఇద్దరం ఒకేసారి బయలుదేరి రైల్లో ఎదురెదురు పడతామేమో సూస్కో," అన్నాడు. "ఎవురి చెట్టు ముందు పెరిగితే వాళ్ళు రావల్ల. రెండోవోళ్ళు కదలకుండా ఉండల్ల. సరేనా?"

సరేనన్నాను. ఈ పొద్దున కుండలు నింపకముందే తూర్పు కంచెకి పోయి చూశాను. జానెడుంది, నాలుగాకులు. మధ్యాహ్నం మళ్ళీ పోయి చూశాను. ఆయన మోకాళ్ళ కోసం ఆయన చెట్టే ముందు పెరగాలని కోరుకోవాలి. కోరుకుందామని చూశాను కూడా. నాదే ముందు పెరగాలని ఉంది.